కార్ల ప్రదర్శనలో హాట్ రాడ్‌ను ఫొటో తీయడం

6.0 ఈ భాగం గురించి

ఎక్స్‌పోజర్, ఫోకల్ లెంగ్త్, కాంతి దిశ అనే మూడు విషయాలను గత భాగాల్లో విడివిడిగా చదివారు. ఈ భాగంలో ఆ మూడింటినీ కలిపి ఒకే వస్తువు మీద ప్రయోగించి చూస్తాం. ఆ వస్తువు ఒక పాత అమెరికన్ కారు. మామూలు పాత కారు కాదు, యజమాని కోసి, వంచి, అతికి, రంగు వేసి తనదిగా చేసుకున్న కారు. దీన్ని హాట్ రాడ్ అంటారు. ఈ భాగం చదివిన తరువాత మీరు మెరిసే ఉపరితలం కెమెరా ముందు ఎలా ప్రవర్తిస్తుందో వివరించగలుగుతారు. కెమెరాకూ వస్తువుకూ మధ్య దూరం ఆ వస్తువు ఆకారాన్ని ఎలా మారుస్తుందో లెక్క కట్టి చెప్పగలుగుతారు. మన అదుపులో లేని బహిరంగ స్థలంలో ఒక పనితనాన్ని నమోదు చేయడానికి ఏయే జాగ్రత్తలు తీసుకోవాలో కూడా తెలుసుకుంటారు.

అమెరికా కారుతో మనకేం పని అని కాంటాక్ట్ తరగతుల్లో నన్ను ఒకటికి రెండుసార్లు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఛాయాగ్రహణంలో కష్టమైన విషయాలు మూడు ఈ కారులో ఒకేచోట కలుస్తాయి. ఒంటినిండా అద్దంలా మెరుపు, చదునుగా ఎక్కడా లేని వంపులు, చుట్టూ జనం. దీన్ని సరిగా తీయడం వచ్చినవారికి ధ్వజస్తంభం ఇత్తడి తొడుగు, పెళ్లికూతురి వడ్డాణం, స్టీలు సామాన్ల కొట్టు, రంగులేసిన లారీ ఏదీ కొత్తగా అనిపించదు.

6.1 హాట్ రాడ్: కొద్దిగా చరిత్ర

దేన్ని తీస్తున్నామో తెలియకుండా తీసిన ఫొటోలో ముఖ్యమైనది తప్పిపోతుంది. అందుకని ముందుగా కారు సంగతి చూద్దాం.

1932లో ఫోర్డ్ కంపెనీ సామాన్యుడు కొనగల ధరలో వి-8 ఇంజన్ ఉన్న కారును విడుదల చేసింది. ఆ ఇంజన్ సామర్థ్యం 221 ఘనపు అంగుళాలు, అంటే సుమారు 3.6 లీటర్లు. శక్తి 65 హార్స్‌పవర్. ఇంజన్ తలభాగం చదునుగా ఉంటుంది కాబట్టి దాన్ని ఫ్లాట్‌హెడ్ అన్నారు. కొన్నేళ్లకు ఈ కార్లు పాతబడి చవకగా దొరకసాగాయి. దక్షిణ కాలిఫోర్నియా యువకులు వాటిని కొని, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు, బానెట్ పక్క రేకులు ఊడదీసి, ఇంజన్‌కు అదనపు కార్బ్యురేటర్లు తగిలించి, మ్యురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిపోయిన సరస్సుల అడుగున పందాలు వేసేవారు. ఆ పందాలకు ఒక క్రమం తేవడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు తిరిగి వచ్చాక ఈ అభిరుచి బాగా పెరిగింది. 1948 జనవరిలో హాట్ రాడ్ అనే పత్రిక మొదలైంది.

వేగం కోసం చేసిన మార్పులు క్రమంగా అందం కోసం చేసే మార్పులయ్యాయి. వీటిలో కొన్నింటి పేర్లు మీకు తెలిసి ఉండాలి. కారు పైకప్పును మోసే స్తంభాల్లోంచి రెండు మూడు అంగుళాల ముక్క అడ్డంగా కోసి తీసేసి, మిగిలిన కప్పును కిందికి దించి అతకడాన్ని చాప్ అంటారు. అలా చేసినప్పుడు కిటికీ అద్దాలను కూడా కొత్త కొలతకు కోయాలి. స్తంభాలు నిటారుగా ఉండవు, లోపలికి వాలి ఉంటాయి. కాబట్టి పై ముక్క కింది ముక్క మీద సరిగ్గా కూర్చోదు. దాన్ని కూర్చోబెట్టడంలోనే పనివాడి నైపుణ్యం అంతా ఉంటుంది. బాడీని ఛాసిస్ మీద నుంచి కాక దాని చుట్టూ కిందికి దించి బిగించడాన్ని చానల్ అంటారు. ముందు చక్రాలు చిన్నవిగా, వెనుక చక్రాలు పెద్దవిగా వేసి, ముందుభాగాన్ని దించి, కారు ముందుకు వాలి నిలబడినట్లు చేయడాన్ని రేక్ అంటారు. పోట్ల గిత్త కొమ్ములు దించి నిలబడినట్లు ఉంటుంది ఆ భంగిమ. 1973లో వచ్చిన అమెరికన్ గ్రాఫిటీ సినిమాలోని పసుపు రంగు కారు చూసినవారికి ఇది వెంటనే అర్థమవుతుంది. అది కప్పు తగ్గించిన 1932 ఫోర్డ్ కూపే.

ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల కాలపు పసుపు రోల్స్ రాయిస్‌ను చూసి ఉంటారు. అలాంటి కారు విలువ అది ఎలా తయారైందో అలాగే ఉండటంలో ఉంది. హాట్ రాడ్ విలువ అది ఎలా మారిందన్న దానిలో ఉంది. మన దేశంలో ఇటువంటి కార్లు రోడ్డు మీద కనిపించకపోవడానికి చట్టం కూడా ఒక కారణం. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపాన్ని మార్చడానికి ఒప్పుకోదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అయినా మార్చాలనే కోరిక మనవాళ్లకు లేదని కాదు. విజయవాడ ఆటోనగర్‌లో లారీకి బాడీ కట్టి, క్యాబిన్ మీద నెమళ్లు, తామరలు వేయించుకునే యజమానిది కూడా ఇదే మనస్తత్వం.

కాబట్టి మన ఫొటో చేయవలసిన పని స్పష్టమైంది. కారును చూపడం కాదు, మార్పును చూపాలి.

6.2 కారు రంగు కాదు, కారులో కనిపించే లోకం

మెరిసే వస్తువుకు తనదైన రూపం కెమెరాలో చాలా తక్కువ కనిపిస్తుంది. ఎక్కువగా కనిపించేది దానిలో ప్రతిబింబించే పరిసరాలే. నల్లగా మెరిసే కారు తలుపును ఫొటో తీస్తే, పైసగం ఆకాశం, కిందిసగం నేల, మధ్యలో ఆ రెండూ కలిసే గీత వస్తాయి. ఆ గీత తలుపు వంపును అనుసరించి సాఫీగా సాగితే మన కంటికి వంపు తెలుస్తుంది. ఆ గీతను ఎదురుగా నిలబడ్డ వారి కాళ్లు, ప్లాస్టిక్ కుర్చీలు, పక్క కారు ఎర్ర రంగు ముక్కలు ముక్కలు చేస్తే వంపు పోతుంది, గందరగోళం మిగులుతుంది.

ఇది అర్థమైతే ఏ సమయంలో తీయాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు క్రోమియం పూత మీద సూర్యుడు సూదిమొనలాంటి తెల్లటి చుక్కలుగా కనిపిస్తాడు, కారు కింద నల్లటి నీడ గడ్డకడుతుంది. సూర్యోదయానికి కాస్త ముందు, కాస్త తరువాత ఆకాశం మొత్తం ఒక పెద్ద మెత్తని దీపంలా పనిచేస్తుంది. మబ్బు పట్టిన రోజు కూడా మంచిదే. చాలామంది విద్యార్థులు మబ్బు చూసి కెమెరా సంచిలో పెట్టేస్తారు. కార్ల విషయంలో అది పొరపాటు.

ప్రతిబింబాలను కొంతవరకు తగ్గించే సాధనం పోలరైజర్ ఫిల్టర్. దీని గురించి ఒక అపోహ ఉంది, అందుకే కొంచెం వివరంగా చెబుతాను. పోలరైజర్ అన్ని మెరుపులనూ తీసేయదు. గాజు, నీరు, రంగు మీద వేసే పారదర్శకమైన లక్క పూత వంటి లోహేతర ఉపరితలాల మీద నుంచి పరావర్తనం చెందిన కాంతి కొన్ని కోణాల్లో ఎక్కువగా ఒకే తలంలో కంపిస్తుంది. పోలరైజర్ ఆ తలాన్ని అడ్డుకోగలదు. గాజు విషయంలో ఈ ప్రభావం అత్యధికంగా ఉండే కోణం ఉపరితల లంబానికి సుమారు 56 డిగ్రీలు. అంటే మీ చూపు ఉపరితలంతో ఇంచుమించు 34 డిగ్రీల కోణం చేస్తూ ఏటవాలుగా పడాలి. ఎదురుగా నిలబడి చూస్తే పోలరైజర్ చేయగలిగింది దాదాపు ఏమీ లేదు. ఇక క్రోమియం లోహం. దాని మీద పరావర్తనం ఇలా ధ్రువితం కాదు, కాబట్టి బంపర్ మీద మెరుపు పోలరైజర్‌తో పోదు. పోకపోవడమే మంచిది, మెరవని క్రోమియం సీసంలా కనిపిస్తుంది.

కారు ఒళ్లంతా వంపులే కనుక, ఫిల్టర్‌ను తిప్పుతుంటే ఒక రేకు మీద ప్రతిబింబం తగ్గి ఇంకో రేకు మీద పెరుగుతుంది. ముందు అద్దం ముఖ్యమా, బానెట్ ముఖ్యమా, తలుపు ముఖ్యమా అన్నది మీరే నిర్ణయించుకోవాలి. ప్రతిబింబం మొత్తం తీసేసిన తలుపు బల్లపరుపు రేకులా నిర్జీవంగా ఉంటుంది. నేనైతే ఫిల్టర్‌ను పూర్తిగా తిప్పి, తరువాత కొంచెం వెనక్కి తెస్తాను. పోలరైజర్ వాడితే ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల కాంతి తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి.

మరో చిన్న విషయం. హెడ్‌లైట్ వెనుక గిన్నె గుండ్రటి అద్దం వంటిది. అందులో ఫొటో తీస్తున్న మీరే కనిపిస్తారు. తెల్ల చొక్కా వేసుకుని వెళ్తే ప్రతి ఫొటోలో ఒక తెల్లటి మరుగుజ్జు నిలబడి ఉంటాడు. ముదురు రంగు దుస్తులు వేసుకోండి.

6.3 ఎక్కడ నిలబడాలి: నా పొరపాటు, దాని లెక్క

కొన్నేళ్ల క్రితం దక్షిణ కాలిఫోర్నియాలో మా అమ్మాయి ఇంట్లో కొన్ని నెలలు ఉన్నాను. ఆ ఊళ్లో నెలకొకసారి శనివారం పొద్దున్నే పాత బజారు వీధిలో కార్ల ప్రదర్శన జరిగేది. ప్రవేశ రుసుము లేదు. కాఫీ తాగుతూ అందరి కార్లూ అందరూ చూసుకోవడమే. అక్కడ ఒక నల్లని 1932 ఫోర్డ్ కూపే వచ్చింది. ఎర్ర చక్రాలు, బయటికి కనిపించే ఫ్లాట్‌హెడ్ ఇంజన్, దాని మీద మూడు కార్బ్యురేటర్లు. యజమాని డెబ్బై దాటిన మనిషి, మడత కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అనుమతి అడిగి, వైడ్ యాంగిల్ లెన్స్‌తో కారు చుట్టూ తిరిగి వందకు పైగా ఫొటోలు తీశాను. ఇన్నేళ్లు ఈ విషయం బోధించినవాణ్ణి కదా, ధీమాగానే కెమెరా వెనుక తెర ఆయనకు చూపించాను.

ఆయన కాసేపు చూసి, "బాగున్నాయి. కానీ ఇది మా కారు కాదు" అన్నాడు. కప్పు కోసి దించిన పని ఆయన తమ్ముడు చేశాడట. రెండేళ్లపాటు ఆదివారాలన్నీ దానికే పెట్టాడట. తమ్ముడు ఇప్పుడు లేడు. మోకాళ్లు సహకరించక తానూ కారు అమ్మేద్దామనుకుంటున్నాడు. "అమ్మేలోపు ఆ కప్పు కనిపించే ఫొటో ఒకటి ఉండాలి. మీ ఫొటోల్లో కప్పు మామూలుగానే ఉంది" అన్నాడు. నేను మళ్లీ చూశాను. నిజమే. కప్పు తగ్గినట్లు లేదు, వెనుక చక్రాలు పెద్దవిగా లేవు, కారు ముందుకు వాలినట్లూ లేదు. ఆ అన్నదమ్ములు చేసిన మూడు పనులనూ నా కెమెరా చెరిపేసింది.

ఎలా చెరిపేసిందో లెక్క చూడండి. 1932 ఫోర్డ్‌లో ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 106 అంగుళాలు, అంటే సుమారు 2.7 మీటర్లు. కారును ముందు మూల నుంచి 45 డిగ్రీల కోణంలో చూస్తున్నామనుకోండి. అప్పుడు వెనుక చక్రం ముందు చక్రం కంటే మన నుంచి సుమారు 1.9 మీటర్లు ఎక్కువ దూరంలో ఉంటుంది. 24 మి.మీ. లెన్స్‌తో కారు మొత్తం ఫ్రేములో పట్టాలంటే దాదాపు 3 మీటర్ల దూరంలో నిలబడతాం. ముందు చక్రం 3 మీటర్లలో, వెనుక చక్రం 4.9 మీటర్లలో ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కనుక ముందు చక్రం ఉండవలసిన దానికంటే వెనుక చక్రంతో పోల్చినప్పుడు 1.6 రెట్లు పెద్దగా కనిపిస్తుంది. వెనుక పెద్ద టైరు వేయడానికి యజమాని పడ్డ శ్రమంతా ఇక్కడే పోయింది.

ఇప్పుడు 85 మి.మీ. లెన్స్ పెట్టి 10 మీటర్లు వెనక్కి వెళ్లండి. చక్రాల దూరాలు 10, 11.9 మీటర్లు. నిష్పత్తి 1.2 మాత్రమే. కారు తన అసలు నిష్పత్తులకు దగ్గరగా వచ్చింది. గమనించండి, ఆకారాన్ని మార్చింది లెన్స్ కాదు, దూరం. లెన్స్ ఆ దూరంలో నిలబడేట్లు మనల్ని నెట్టింది, అంతే. పరీక్షల్లో చాలామంది దీన్ని తిరగేసి రాస్తారు. ఫోన్‌తో తీసేవారికీ ఇదే సూత్రం. ఫోనులోని ప్రధాన కెమెరా ఇంచుమించు 24 నుంచి 26 మి.మీ.కు సమానమైన వైడ్ యాంగిల్. రెండు లేదా మూడు రెట్ల టెలిఫొటో లెన్స్ ఉంటే దాన్ని ఎంచుకుని వెనక్కి నడవండి.

వైడ్ యాంగిల్‌కు అసలు చోటే లేదా అంటే, ఉంది. వెనుక మూల నుంచి తీసేటప్పుడు దగ్గరగా వెళ్తే పెద్ద టైరు ఇంకా పెద్దదై రేక్ పెరిగినట్లు కనిపిస్తుంది. కొంత అతిశయోక్తే, కానీ యజమాని చేసిన అతిశయోక్తి దిశలోనే ఉంటుంది.

రెండవ పొరపాటు ఎత్తు. నిలబడిన మనిషి కన్ను నేల నుంచి సుమారు 1.6 మీటర్ల ఎత్తులో ఉంటుంది. కప్పు కోసి, బాడీ దించిన కారు అంతకంటే పొట్టిది. నిలబడి తీస్తే కప్పు పైభాగం వెడల్పుగా పరుచుకుని కనిపిస్తుంది, కిటికీల సన్నని చీలికలు కుదించుకుపోతాయి. చాప్ గొప్పతనం ఆ సన్నని కిటికీలో ఉంది. కాబట్టి మోకాళ్ల మీద కూర్చుని కెమెరాను హెడ్‌లైట్ ఎత్తుకు తీసుకురావాలి. ఇంకా కిందికి, చక్రం ఇరుసు దాకా దిగితే కారు గంభీరంగా ఉంటుంది కానీ కప్పు మళ్లీ వెనక్కి తగ్గిపోతుంది. కప్పే ముఖ్యమైతే కిటికీ మధ్యభాగం కంటే కొంచెం కింద ఆగండి, పక్క నుంచి సూటిగా ఒకటి తీయండి.

మూడవది కెమెరా వాలు. రేక్ అనేది నేలతో పోల్చినప్పుడే తెలుస్తుంది. కెమెరా రెండు డిగ్రీలు పక్కకు వాలితే ఆ భంగిమ సగం పోతుంది లేదా రెట్టింపవుతుంది. కెమెరా తెర మీద లెవెల్ గీత కనిపించేట్లు పెట్టుకోండి. ఫ్రేములో కారు కింద కొంత రోడ్డు తప్పక ఉండాలి. ఉత్సాహం కోసం కెమెరాను కావాలనే వంచి తీసే పద్ధతి ఒకటి పత్రికల్లో కనిపిస్తుంది. అది నాకు నచ్చదు. వాల్చే పని కారు కట్టినవాడు ఎప్పుడో చేసేశాడు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ముందు చక్రానికి 5 మీటర్ల దూరంలో నిలబడి పై కారును అదే కోణంలో తీస్తే, చక్రాల దూరాల నిష్పత్తి ఎంత ఉంటుంది?
2. బంపర్ మీది మెరుపు పోలరైజర్‌తో తగ్గకపోవడానికి కారణం రాయండి.

6.4 ఎక్స్‌పోజర్

కెమెరాలోని మీటరు తాను చూసిందంతా సగటున బూడిద రంగు అనుకుంటుంది. ఫ్రేము నిండా నల్లని కారు ఉంటే దాన్ని బూడిద రంగుకు తేవాలని కాంతిని ఎక్కువగా లోనికి రానిస్తుంది. అందువల్ల నల్ల కారుకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను సుమారు ఒక స్టాపు తగ్గించి, హిస్టోగ్రాం చూసి సరిచేసుకోండి. తెలుపు, మీగడ రంగు కార్లకు దీనికి విరుద్ధం. క్రోమియం మీద సూర్యుడి చుక్క పూర్తిగా తెల్లగా పోయినా ఫరవాలేదు, దానిలో చూడవలసిన వివరం ఏదీ లేదు. కానీ రంగు పూత మీద వెడల్పాటి మెరుపు తెల్లగా పోకూడదు. ముదురు ఎరుపు కార్ల విషయంలో మామూలు హిస్టోగ్రాం మోసం చేస్తుంది. మొత్తం కాంతి సరిపోయినట్లే కనిపిస్తుంది, లోపల ఎరుపు ఛానల్ మాత్రం నిండి పొంగిపోయి ఉంటుంది. మూడు రంగుల హిస్టోగ్రాంలను విడిగా చూపించే సదుపాయం ఉంటే వాడండి. రా ఫైలుగా తీయండి. కారు మొత్తం ఫోకస్‌లో ఉండాలంటే ఎఫ్/8 దగ్గర మొదలుపెట్టడం మేలు.

6.5 ప్రదర్శన స్థలంలో

స్టూడియోలో కారు మన మాట వింటుంది, ప్రదర్శనలో వినదు. పక్కపక్కనే కార్లు, మధ్యలో ఐస్ పెట్టెలు, గొడుగులు, బానెట్ మీద ఆనించిన వివరాల బోర్డులు ఉంటాయి. ఇందుకు నాకు తెలిసిన మంచి ఉపాయం ఒకటే, అందరికంటే ముందు వెళ్లడం. కార్లు ఒక్కొక్కటిగా వచ్చి నిలిచే ఆ గంటలో వీధి ఖాళీగా ఉంటుంది, వెలుతురు ఏటవాలుగా ఉంటుంది, యజమానులు కారు తుడుచుకుంటూ మాట్లాడటానికి తీరిగ్గా ఉంటారు. ముందు చక్రాలను ఎటు తిప్పి ఆపాలో కూడా అప్పుడే మర్యాదగా అడగవచ్చు. చక్రం ముఖం కెమెరా వైపు తిరిగి ఉండాలి, టైరు పళ్లు కాదు.

ఆలస్యంగా వెళ్లి, జనం నిండిపోయి ఉంటే కారు మొత్తం తీయాలనే పట్టుదల వదిలేయండి. జనాన్నే ఫొటోలోకి తెచ్చుకోండి. ఇంజన్ మీదికి వంగిన ఇద్దరు ముసలివాళ్ల ముఖాలు కారు గురించి చాలా చెబుతాయి. రాబర్ట్ ఫ్రాంక్ అమెరికా అంతా తిరిగి తీసిన ఫొటోల పుస్తకం ది అమెరికన్స్ 1958లో పారిస్‌లో వెలువడింది. అందులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తీసిన కారు ఫొటో ఒకటి ఉంది. కారు అసలు కనిపించదు, దాని మీద కప్పిన మెరిసే గుడ్డ మాత్రమే కనిపిస్తుంది. అయినా ఆ సమాజంలో కారుకున్న స్థానం ఏమిటో చూసినవారికి తెలిసిపోతుంది.

నడవడిక గురించి రెండు మాటలు. కారును ముట్టుకోవద్దు. మెడలో వేలాడే కెమెరా, బెల్టు బకిల్, భుజం సంచి జిప్పు ఇవే ఎక్కువగా గీతలు పెట్టేవి. కారు దగ్గర వంగేటప్పుడు కెమెరా పట్టీని చేతికి చుట్టుకోండి. తలుపు తీసి లోపల తీయాలంటే అడగాలి. నంబరు ప్లేటు కనిపించే ఫొటోను ప్రచురించే ముందు యజమానికి చెప్పాలి, లేదా ఆ అంకెలను మసకబార్చాలి.

6.6 దగ్గరి వివరాలు

కారు మొత్తం తీసిన ఫొటో అది ఏమిటో చెబుతుంది. ఎలా తయారైందో చెప్పేవి దగ్గరి ఫొటోలు. సన్నని కుంచెతో చేత్తో గీసిన పిన్‌స్ట్రైప్ గీతలు, గాలి కోసం రేకులో కొట్టిన లూవర్ల వరుస, స్టీరింగ్ కింద అరిగిన పెడల్, వెల్డింగ్ అతుకు ఇలాంటివి. పిన్‌స్ట్రైప్‌ను సూటిగా ఎదురుగా కాక, పక్కనుంచి వెలుతురు తాకుతున్నప్పుడు తీస్తే కుంచె ఎక్కడ ఆగిందో, ఎక్కడ మళ్లీ మొదలైందో గీత మందం చెబుతుంది. లూవర్లకు కూడా పక్క వెలుతురే కావాలి. ఇంజన్ విషయంలో మాత్రం మెత్తని వెలుతురు మేలు. ఎండలో ఇంజన్ సగం తెలుపు, సగం నలుపు అయిపోతుంది. కారు నీడలో పడే వరకు ఆగండి, లేదా ఒక తెల్ల అట్టతో వెలుతురును లోపలికి మళ్లించండి. ఖరీదైన రిఫ్లెక్టర్ అక్కర్లేదు, పిల్లల డ్రాయింగ్ అట్ట చాలు.

6.7 దిద్దుబాటు ఎంతవరకు

మరుసటి నెల ప్రదర్శనకు తెల్లవారకముందే వెళ్లాను. ఆ కారు రాలేదు. అమ్మేశాడనే అనుకున్నాను. ఆ పై నెల వచ్చింది. 85 మి.మీ. లెన్స్, మోకాళ్ల మీద నేను, ఎదురుగా ఖాళీ వీధి, కారు తలుపులో తెల్లబడుతున్న ఆకాశం. ఏడెనిమిది ఫొటోలు తీశాను. ఒకటి 12 అంగుళాల వెడల్పున ముద్రించి తరువాతి నెల తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన దాన్ని ఎండలోకి పట్టుకుని చాలాసేపు చూశాడు. తరువాత ఎడమ కిటికీ ముందున్న స్తంభం మీద వేలు పెట్టాడు. అక్కడ రేకు వెంట్రుకవాసి ఉబ్బి ఉంది. నేను గమనించనేలేదు. అతుకు దగ్గర తమ్ముడు ఎంత రుద్దినా పోని ఉబ్బు అది, తామిద్దరికి తప్ప ఎవరికీ తెలియదు అన్నాడు. ప్రతిబింబంలో ఆకాశం గీత సాఫీగా ఉండటం వల్ల, అక్కడ మాత్రం ఆ గీత వణికి అది బయటపడింది. కంప్యూటర్‌లో దాన్ని తీసేయవచ్చా అని అడిగాడు. తీసేయవచ్చు, అయిదు నిమిషాల పని అన్నాను. కాసేపు ఆగి, వద్దులెండి అన్నాడు.

దిద్దుబాటు పరిధి గురించి విద్యార్థులు అడిగినప్పుడు నేను పాటించే పద్ధతి చెబుతాను. కారుకు చెందనివి తీసేయవచ్చు. కింద పడ్డ కాగితం కప్పు, లెన్స్ మీది దుమ్ము మచ్చ, హెడ్‌లైట్‌లో కనిపించే నా సొంత ముఖం. కారుకు చెందినవి, అంటే గీతలు, ఉబ్బులు, చమురు మరకలు తీసేయకూడదు. అమ్మకం ప్రకటన కోసం తీసిన ఫొటో అయితే ఈ నియమం మరీ ముఖ్యం. దెబ్బను దాచిన ఫొటో కొనేవాణ్ణి మోసగించినట్లే. రంగు విషయంలో ఒక జాగ్రత్త కావాలి. తెల్లవారు వెలుతురు నీలంగా, సూర్యుడు వచ్చాక పసుపుగా ఉంటుంది. కారు అసలు రంగు తెలియాలంటే తీసే చోట ఒక బూడిద రంగు కార్డును కారు పక్కన పెట్టి ఒక ఫొటో తీసుకోండి. వైట్ బ్యాలెన్స్‌ను దాని ఆధారంగా సరిచేయవచ్చు. నలుపు అనుకున్న కారు నిజానికి ముదురు నీలమో, ముదురు ఊదానో అయి ఉండటం అరుదేమీ కాదు.

ఫొటోతో పాటు రాసి పెట్టుకోవలసినవి: కారు తయారైన సంవత్సరం, బాడీ రకం, చేసిన మార్పులు, అవి ఎవరు చేశారు, ఫొటో తేదీ, స్థలం. పాత హాట్ రాడ్ ఫొటోలు ఎన్నో పెట్టెల్లో దొరుకుతాయి, కానీ వెనుక ఏ పేరూ రాసి ఉండదు. కారును గుర్తుపట్టవచ్చు, చేసిన చేతులను గుర్తుపట్టలేం.

6.8 ఇంట్లో చేయవలసిన అభ్యాసం

హాట్ రాడ్ దొరకదు కదా అని ఈ భాగాన్ని చదివి వదిలేయవద్దు. ఒక స్టీలు చెంబు తీసుకుని కిటికీ పక్కన బల్ల మీద పెట్టండి. వెనుక ఒకసారి తెల్ల కాగితం, ఒకసారి నల్ల గుడ్డ ఉంచి తీయండి. చెంబు మారలేదు, వెలుతురు మారలేదు. మారింది ప్రతిబింబం మాత్రమే. రెండు ఫొటోల్లో చెంబు మెడ వంపు ఎందులో బాగా తెలుస్తోందో, ఎందుకో పది వాక్యాల్లో రాయండి.

రెండవ అభ్యాసం వీధిలో చేయాలి. మీ ఊళ్లో ఆగి ఉన్న లారీనో, పాత అంబాసిడర్‌నో, బాగా అలంకరించిన ఆటోనో ఎంచుకోండి. డ్రైవర్ అనుమతి తీసుకోండి. ముందు మూల నుంచి 3 మీటర్ల దూరంలో ఒకటి, 10 మీటర్ల దూరంలో ఒకటి తీయండి. రెండింటిలోనూ వాహనం ఫ్రేములో ఒకే పరిమాణంలో ఉండేట్లు జూమ్ సరిచేసుకోండి. ముద్రించిన ఫొటోల మీద స్కేలు పెట్టి ముందు, వెనుక చక్రాల ఎత్తులు కొలిచి నిష్పత్తులు రాయండి. తరువాత ఆ రెండు ఫొటోలనూ డ్రైవర్‌కు చూపించి, ఏది తన బండిలా ఉందో అడగండి. ఆయన జవాబును, ఆయన చెప్పిన మాటల్లోనే, మీ కొలతల పక్కన రాసి పంపండి.